సముద్రం దగ్గరి ఫ్లాట్‌లో కిచెన్ క్యాబినెట్లు, వార్డ్‌రోబ్: ప్లైవుడ్డా, హెచ్‌డీహెచ్ఎంఆరా, డబ్ల్యూపీసీనా?

ఎంవీపీ_రెండో_అంతస్తు అడిగారు:

విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అండి. సముద్రం కిలోమీటరు లోపే. బాల్కనీ గ్రిల్‌కి వేసిన రంగు ఏడాది కూడా నిలవదు, అంత ఉప్పు గాలి. చేయించాల్సినవి మూడు. వంటింట్లో ఎల్ ఆకారంలో గట్టు ఉంది, ఒక పక్క 10 అడుగులు, ఒక పక్క 6. దాని కింద క్యాబినెట్లు కావాలి. బెడ్‌రూంలో 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్. అది వచ్చే గోడకి అవతల బాత్‌రూం. మూడోది బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన సబ్బులు, బకెట్లు పెట్టుకునే చిన్న అలమర.

మూడు కొటేషన్లు వచ్చాయి. కార్పెంటర్ 710 ప్లైవుడ్ తెచ్చి ఇంట్లోనే చేస్తానంటున్నాడు. మాడ్యులర్ వాళ్లు హెచ్‌డీహెచ్ఎంఆర్ (తేమకి తట్టుకునేలా చెక్కపీచుతో చేసిన పలక) ఫ్యాక్టరీలో కోసి తెచ్చి బిగిస్తామంటున్నారు. ఇంకొకరు ఇల్లంతా డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) పెట్టేయమంటున్నారు, నీళ్లూ చెదలూ ఏమీ చేయవట. ఎవరిని అడిగినా మిగతా ఇద్దరి సరుకూ పాడైపోతుందనే చెబుతున్నారు. ఏది ఎంచుకోవాలి? కబ్జాలు, సొరుగుల ఛానెళ్లు ఏవి తీసుకోవాలి? కొటేషన్‌లో ఏమేం రాయించుకోవాలి?


బాడిశ:

మూడు చోట్లకీ ఒకే చెక్క అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. సింకు కింద ఒక రకం కష్టం, వార్డ్‌రోబ్ అరకి ఇంకో రకం, బాల్కనీలో మరో రకం.

ముందు ప్లైవుడ్. 710 అంటే ఐఎస్ 710, మెరైన్ గ్రేడ్. అతుకు 72 గంటలు నీళ్లలో మరిగినా విడిపోకూడదన్నది ఆ ప్రమాణం. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి తట్టుకునే రకం) దానికంటే ఒక మెట్టు తక్కువ. ఎంఆర్ (తేమకి మాత్రం తట్టుకునే రకం) పొడి గదులకే. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ముద్ర ఉండాలి. అంటించిన స్టిక్కరు చాలదు. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, ఏ ప్రమాణానికి ఇచ్చారో వస్తుంది. '710 క్వాలిటీ', 'మెరైన్ టైపు' అన్న మాటలకి విలువ లేదు.

తర్వాత అంచు చూడండి. పొరల మధ్య సందులున్నా, ఒక పొర మీదికి ఇంకో పొర ఎక్కినా ఆ షీటు వద్దనండి. సందు ఉన్నచోట స్క్రూ పడితే పట్టదు. 8×4 సైజు 18 ఎంఎం షీటు 32 నుంచి 38 కిలోల మధ్య తూగుతుంది. 25 కిలోలే ఉంటే లోపల మెత్తటి చెక్క వేశారని అర్థం. మూడు అంగుళాల ముక్క కోయించి నాలుగైదు గంటలు నీళ్లలో మరిగించండి. పొరలు విచ్చుకుంటే అది 710 కాదు.

హెచ్‌డీహెచ్ఎంఆర్ చెక్కపీచుని నొక్కి చేసిన పలక. ఘన మీటరుకి సుమారు 850 కిలోలు ఉంటుంది కాబట్టి అదే సైజు షీటు 45 కిలోల దాకా తూగుతుంది. ముఖం సాఫీగా ఉంటుంది, పొడవాటి తలుపు ప్లైవుడ్ కంటే తక్కువ వంగుతుంది, పెయింటు ఫినిష్ బాగా కుదురుతుంది. ఇబ్బందల్లా అంచులో. ముఖం మీద స్క్రూ గట్టిగానే పడుతుంది, అంచులోకి దించితే చీలుతుంది. అంచు లోపలికి నీళ్లు దిగితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. మామూలు ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మీ వంటింటి గడప తొక్కనివ్వకండి.

డబ్ల్యూపీసీ నీళ్లకి ఉబ్బదు, చెదలు తినవు. అంతవరకూ వాళ్లు చెప్పింది నిజమే. కానీ బరువు పెడితే మెల్లమెల్లగా కిందికి వంగుతుంది, పొయ్యి వేడికి సాగుతుంది, తక్కువ సాంద్రత సరుకైతే కబ్జా స్క్రూలు రెండేళ్లలో ఊడి చేతికొస్తాయి. 7 అడుగుల తలుపులకీ పొడవాటి అరలకీ అది పనికిరాదు.

అందుకని నేను చెప్పేది: వంటింట్లో పెట్టెలు 18 ఎంఎం 710 ప్లైవుడ్‌తో, సింకు కింద ఒక్క పెట్టె డబ్ల్యూపీసీతో. వార్డ్‌రోబ్ పెట్టె 710, తలుపులకి హెచ్‌డీహెచ్ఎంఆర్ పెట్టుకోవచ్చు. బాల్కనీలో చెక్క వద్దే వద్దు. అల్యూమినియం ఫ్రేము, లోపల ఏసీపీ (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) గానీ పీవీసీ గానీ పలకలు.

సింకు పెట్టె విషయంలో ఒకటి గట్టిగా పట్టుకోండి. అక్కడ పాడు మొదలయ్యేది పైపుల కోసం ఇంట్లో కోసిన రంధ్రాల దగ్గర. ఫ్యాక్టరీలో నాలుగు అంచులూ టేపు వేసి పంపుతారు, ప్లంబర్ వచ్చి హోల్‌సాతో కోసి అలాగే వదిలేస్తాడు. అది ఏ పలకైనా సరే, కోసిన ప్రతి రంధ్రానికీ లోపలి అంచున ఎపాక్సీ గానీ రెండు కోట్లు పీయూ (పాలీయూరిథేన్) సీలర్ గానీ పూయించి, ఆరాక పైపు పెట్టించి, చుట్టూ సిలికాన్ కొట్టించండి. పెట్టెలన్నీ 4 అంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబడాలి. నేల కడిగిన నీళ్లు చెక్కకి తగలకూడదు. ముందు పట్టీ క్లిప్పులతో ఊడొచ్చేలా ఉంటే కింద ఊడ్చుకోవచ్చు, లీకు ఉంటే కనబడుతుంది.


బిగింపు:

బాడిశ గారు పలకల గురించి చెప్పారు. సముద్రం పక్కన మాత్రం పలక కంటే ముందు ఇనుము పోతుంది.

కబ్జాలు: 35 ఎంఎం కప్పు ఉండే ఆటో కబ్జాలే అందరూ వేస్తారు. మామూలువి ఇనుము మీద నికెల్ పూత. ఉప్పు గాలికి ముందు స్ప్రింగు దగ్గర, చేతి మడత దగ్గర ఎర్రబడతాయి. మీరు 304 స్టెయిన్‌లెస్ అని రాయించుకోండి. 202 కూడా స్టీలే అని అమ్ముతారు, అది తీరంలో తుప్పు పడుతుంది. అయస్కాంతం పెడితే 304 కప్పుకి దాదాపు అంటుకోదు. లోపలి స్ప్రింగుకి కొంచెం అంటుకోవచ్చు, దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. అయితే 202 కూడా అంతగా అంటుకోదు కాబట్టి అయస్కాంతం ఒక్కటే నమ్ముకోకండి. కబ్జా మీద గానీ పెట్టె మీద గానీ గ్రేడు ముద్ర ఉందో చూసి, బిల్లు మీద కూడా 304 అని రాయించండి.

క్రాంక్ (కబ్జా చేతి వంపు) తేడా తెలియకపోతే తలుపులు సరిగా పడవు. తలుపు పక్క పలకని పూర్తిగా కప్పితే 0 క్రాంక్. ఒకే నిలువు పలక మీద అటొక తలుపు ఇటొక తలుపు వస్తే 8 క్రాంక్. తలుపు పెట్టె లోపలికి కూర్చుంటే 16 క్రాంక్.

సంఖ్య: 3 అడుగుల లోపు తలుపుకి 2, 5 అడుగుల దాకా 3, 7 అడుగులకి 5. 7 అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు తలుపు 18 ఎంఎం ప్లైవుడ్‌దైతే రెండు వైపులా మైకాతో 14 కిలోలు వస్తుంది. హెచ్‌డీహెచ్ఎంఆర్ అయితే 17 దాటుతుంది. కొటేషన్లలో దీనికి మూడే రాస్తారు. తలుపు వాలడానికి కారణం అక్కడే ఉంది.

స్క్రూలు: ఇది ఎవరూ అడగరు. ఫాల్స్ సీలింగ్‌కి వాడే నల్ల డ్రైవాల్ స్క్రూలే కార్పెంటర్లు అన్నిటికీ కొట్టేస్తారు. అవి పెళుసు, బరువుకి మెడ దగ్గర విరుగుతాయి. పైన ఉన్నది ఫాస్ఫేట్ పూత, ఉప్పు గాలికి నిలవదు. కబ్జాలకి 16 ఎంఎం, పెట్టె బిగింపుకి 50 ఎంఎం, రెండూ 304 స్క్రూలు. అవి మెత్తగా ఉంటాయి కాబట్టి ముందు 3 ఎంఎం బిట్‌తో దారి వేయకుండా నేరుగా మెషీన్‌తో కొడితే తల అరిగిపోతుంది. హెచ్‌డీహెచ్ఎంఆర్ అంచులోకి దించాల్సి వస్తే 7×50 కన్‌ఫర్మాట్ స్క్రూ, దానికి తగ్గ స్టెప్ బిట్.

బాల్కనీ అల్యూమినియం అలమరకి ఇనుప స్క్రూలు వేస్తే రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్క్రూ, కింద నైలాన్ వాషరు. పూర్తిగా గాలి తగిలే చోటు కాబట్టి 316 దొరికితే ఇంకా మంచిది.

సొరుగులకి 45 కిలోల టెలిస్కోపిక్ ఛానెళ్లు చాలు. బిగుసుకుపోతే కొబ్బరినూనె రాయకండి, అది జిగురై దుమ్ము పట్టి బంతులు తిరగనివ్వదు. సిలికాన్ స్ప్రే కొట్టండి.


గోడచెమ్మ:

పై ఇద్దరూ వార్డ్‌రోబ్ వెనక గోడ సంగతి వదిలేశారు. బాత్‌రూం గోడకి ఆనించి ఏ పలక పెట్టినా, గోడ తడిగా ఉంటే లోపల బట్టలకి బూజు ఖాయం.

పని మొదలుపెట్టే ముందు ఆ గోడ మీద అడుగు చదరం పాలిథిన్ కవరు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. నేల నుంచి అర అడుగు పైన ఒకటి, షవర్ ఎత్తున ఒకటి, కుళాయి పైపు పోయే వరసలో ఒకటి. రెండు రోజులు బాత్‌రూం మామూలుగా వాడండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, చెమట పట్టినా సున్నం నల్లబడినా గోడలోంచి తడి వస్తోంది. గది వైపు మాత్రమే చెమ్మ కనిపిస్తే అది గాలిలోని తేమ. తడి వస్తుంటే ముందు బాత్‌రూం టైల్స్ సందులు తీసి ఎపాక్సీ గ్రౌట్ నింపాలి, నేల ట్రాప్ చుట్టూ చూడాలి, పైపు లీకేమో ప్రెషర్ టెస్ట్ చేయించాలి. గది వైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే తడి ఆగదు, కొన్నాళ్లకి రంగే పొంగి ఊడుతుంది.

గోడ పొడిగా తేలాక కూడా వెనక పలకకీ గోడకీ మధ్య ముప్పావు అంగుళం ఖాళీ ఉండాలి. కొందరు ఖర్చు తగ్గించడానికి వెనక పలక లేకుండా గోడకే మైకా అంటించేస్తారు, మీ గోడకి అది అసలు వద్దు. వెనక 9 ఎంఎం 710, రెండు వైపులా లైనర్ (లోపలి వైపులకి అంటించే పలచటి మైకా). కింద పట్టీలో, పైన కప్పు పలకలో చిన్న జాలీలు పెట్టిస్తే ఆ ఖాళీలో గాలి ఆడుతుంది. కప్పు దాకా లాఫ్ట్ కట్టి అన్ని వైపులా మూసేస్తే ఈ ఏర్పాటు దండగ, పై జాలీ లాఫ్ట్ ముందు వైపుకి తీయాలి.

తలుపు బయట 1 ఎంఎం మైకా వేసి లోపల ఖాళీగా వదలడం, రంగు పూసి సరిపెట్టడం ఇక్కడ చాలామంది చేసే పని. ఒక ముఖం తేమ పీల్చుకుంటుంది, ఇంకోటి పీల్చుకోదు, దాంతో తలుపు విల్లులా వంగుతుంది. బయట 1 ఎంఎం అయితే లోపల కనీసం 0.8 లైనర్. ఒకేరోజు రెండు వైపులా అంటించి, బరువు కింద రాత్రంతా ఉంచాలి. పొయ్యి పక్క తలుపులకి రబ్బరు జిగురు వాడనివ్వకండి, వేడికి మెత్తబడి మైకా బుడగలు లేస్తుంది.

చెదలు రెండో అంతస్తుకి రావని అనుకోకండి, పైపుల షాఫ్టు వెంట ఎక్కుతాయి. వార్డ్‌రోబ్ కూర్చోకముందే గోడ, నేల కలిసే వరసలో అడుగుకొకటి చొప్పున 12 ఎంఎం రంధ్రాలు వేసి మందు పోయించి, సిమెంటుతో మూయించండి. వార్డ్‌రోబ్ పెట్టాక ఆ వరస చేతికందదు. ఏ మందో, ఎంత నీళ్లలో కలిపారో బిల్లు మీద రాయించుకుంటే మళ్లీ వచ్చినప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.


ఎంవీపీ_రెండో_అంతస్తు:

చాలా థాంక్సండి. ఒక సంగతి ముందే రాయాల్సింది. వంటింట్లో గట్టు కింద ఇప్పటికే కడప బండల అడ్డుగోడలున్నాయి, రెండడుగులకొకటి. మధ్యలో ఒక అర కూడా కడప బండే. మాడ్యులర్ వాళ్లు అవి మొత్తం కొట్టేయాలంటున్నారు. ఉంచి తలుపులు మాత్రం పెట్టించుకోవచ్చా? రెండోది, వార్డ్‌రోబ్‌లో అరలు ఎంత వెడల్పు ఉండాలి?


అరకొలత:

కడప బండలు కొట్టించకండి! నీళ్లకి ఉబ్బదు, చెదలు పట్టదు, ఇంతకంటే గట్టి పెట్టె మీకు ఎవరూ చేసివ్వలేరు. పైగా ఆ నిలువు బండల మీదే మీ గట్టు రాయి కూర్చుని ఉంటే, వాటిని లాగేసినప్పుడు రాయి సింకు కోసిన చోట పగులుతుంది.

తలుపులు పెట్టడానికి బండ అంచుకి కబ్జా పట్టదు కాబట్టి ముందు వైపు ఫ్రేము కావాలి. అల్యూమినియం గొట్టంతో గానీ, 710 ప్లైవుడ్ రెండు పొరలు అతికిన పట్టీలతో గానీ ఫ్రేము చేసి, నేలకి అర అంగుళం పైనే ఉంచి, బండకి బిగించాలి. బండని హ్యామర్ డ్రిల్‌తో కొడితే పొరలుగా లేస్తుంది. దెబ్బ ఆపేసి, మామూలు తిప్పుడులో 6 ఎంఎం రాతి బిట్‌తో, అంచుకి అంగుళంన్నర లోపలికి రంధ్రం వేయాలి.

సొరుగులు కావాలనుకున్న ఒకటి రెండు గళ్లలో మాత్రం మధ్య అర బండ తీయించి, బండల మధ్య ప్లైవుడ్ పెట్టె దోపి అందులో ఛానెళ్లు బిగించాలి. బండలు తిన్నగా ఉండవు. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, చిన్న కొలతకి ఇంకో 5 ఎంఎం తగ్గించి పెట్టె చేయించండి. ఛానెల్ నేరుగా బండకే బిగిస్తే రెండు వైపులా సమాంతరం కుదరక సొరుగు మధ్యలో పట్టేస్తుంది.

గ్యాస్ బండ ఉండే గడిలో కింద పలక వద్దు, నేల మీదే పెట్టాలి. 14.2 కిలోల గృహ సిలిండరు నిండుగా ఉంటే మొత్తం 30 కిలోల దగ్గర ఉంటుంది, రోజూ జరిపితే ఏ పలకా ఆగదు. గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి తలుపుకి జాలీ అడుగు భాగంలో ఉండాలి. పైన పెడితే లీకైన గ్యాసు కిందే నిలబడిపోతుంది. ట్యూబు మొత్తం కళ్లకి కనబడాలి.

ఇక ఆవకాయ జాడీలు, ఉప్పు డబ్బా, చింతపండు. ఇవి తీగ బుట్టల్లో పెట్టకండి. జాడీ అంచు నుంచి కారే ఉప్పు నూనె 304 తీగ మీద కూడా మచ్చలు పెడుతుంది. కడప బండ అర మీద, కింద పీవీసీ ట్రే వేసి పెట్టుకుంటే సరి. 25 కిలోల బియ్యం బస్తా కూడా సొరుగులో కాదు, కింది గడిలోనే.

అరల వెడల్పు: 18 ఎంఎం ప్లైవుడ్‌కి మడత బట్టలైతే 30 అంగుళాలు, పుస్తకాలైతే 24. హెచ్‌డీహెచ్ఎంఆర్‌కి 24. డబ్ల్యూపీసీకి 18 దాటొద్దు. అర నిండా అంతే ఒత్తుగా సామాను పేర్చితే వంగుడు వెడల్పుకి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 24 అంగుళాల అరని 36 చేస్తే ఐదు రెట్లు వంగుతుందన్నమాట. ముందు అంచు కింద అంగుళంన్నర పట్టీ నిలువుగా అతికిస్తే చాలావరకు నిలబడుతుంది. మీ 7 అడుగులని మూడు గళ్లు చేయండి, ఒక్కోటి లోపల 27 అంగుళాలు వస్తుంది.

లోతు లోపల 22 అంగుళాలు ఉండాలి, లేకపోతే హ్యాంగరుకి వేసిన చొక్కా భుజం తలుపుకి రాసుకుంటుంది. జరిపే తలుపులైతే రెండు ట్రాకుల కోసం మొత్తం 27 అంగుళాలు పెట్టాలి. చొక్కాలు వేలాడే చోట రాడ్ కింద 40 అంగుళాలు, పొడవు డ్రెస్సులకి 60 పైన. చీరలకి మీరు మడిచే తీరుని బట్టి ఉంటుంది, ఒకటి హ్యాంగరు మీద వేసి టేపు పెట్టి కొలవండి.


బాడిశ:

అరకొలత గారు చెప్పిన మూడు గళ్ల లెక్కతో మీ వార్డ్‌రోబ్‌కి సరుకు ఇలా వస్తుంది. నిలువు పలకలు 4, ఒక్కోటి 7×2, మొత్తం 56 చదరపు అడుగులు. పైనా కిందా 28. పది అరలు సుమారు 44. తలుపులు 49. కలిపి 177. షీటు 32 చదరపు అడుగులు, కోతలో పోయేదానితో 18 ఎంఎం షీట్లు 7 కావాలి. వెనక్కి 9 ఎంఎం రెండు. బయటి మైకా రెండు. లోపలి లైనర్ పన్నెండు దాకా పడుతుంది. కొటేషన్‌లో లైనర్ మూడో నాలుగో రాసి ఉంటే లోపల సగం చెక్క బోసిగా వదిలేస్తారని అర్థం. సొరుగులు వేయిస్తే 12 ఎంఎం ఒక షీటు అదనం.

చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు అది దేని మీదో అడగండి. ఎదురుగా కనబడే వెడల్పు ఎత్తుల మీదైతే మీకు 49. కొందరు లోపలి పలకలన్నీ విప్పి కొలుస్తారు, అప్పుడు అంకె 200 దాటుతుంది, రేటు మాత్రం తక్కువగా కనిపిస్తుంది. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు మొత్తం డబ్బు, షీట్ల సంఖ్య, ఈ రెండే చూడండి.

ఎడ్జ్ బ్యాండింగ్ తలుపులకి 2 ఎంఎం, అరలకి 0.8, పీయూఆర్ (పాలీయూరిథేన్ రకం) జిగురుతో అని రాయించండి. మామూలు ఈవీఏ జిగురు తేమకీ వేడికీ విడుస్తుంది. హెచ్‌డీహెచ్ఎంఆర్ తలుపులు తీసుకుంటే ఇందులో రాజీ పడొద్దు. కార్పెంటర్ చేత ఇంట్లోనే చేయిస్తే ఆ మెషీన్ ఉండదు కాబట్టి, కోత, అంచు పని వరకు ప్యానెల్ సా ఉన్న వర్క్‌షాపులో చేయించి బిగింపు ఇంట్లో పెట్టుకోండి.


గోడచెమ్మ:

హెచ్‌డీహెచ్ఎంఆర్ తలుపుల విషయంలో నేను ఒప్పుకోను. వార్డ్‌రోబ్‌కి సరే. వంటింటికి మాత్రం వద్దు. గట్టు రాయి అంచు నుంచి నీళ్లు కారేది సరిగ్గా తలుపు పై అంచు మీదికే, రోజుకి పదిసార్లు. రాయి తలుపు కంటే ముందుకు అంగుళం ఉండి, దాని అడుగున నీళ్లు తెగిపడే గాడి కోసి ఉంటే కొంత నయం. చూసుకోండి, గాడి లేకపోతే గ్రానైట్ పనివాడి చేత గ్రైండర్‌తో 4 ఎంఎం లోతున కోయించవచ్చు. తలుపులు బిగించాక అది కోస్తే దుమ్మంతా మైకా మీద పడి గీతలు పడతాయి, అందుకని ముందే పిలిపించండి.